కొనని కూర

"ఇళ్ళకి వెళ్ళావా, లింగంపల్లి స్టేషన్లో కూర్చుని నింపేశావా?"

1998 వానాకాలంలో కనకలక్ష్మికి ఎదురైన ప్రశ్న ఇది. అడిగింది ఆహార సర్వే సూపర్‌వైజరు రామ్మోహనరావు. ఆమె ఫారాలు నింపే తాత్కాలిక ఉద్యోగి. దేశంలో జనానికి ఏ తిండి నుంచి ఎన్ని కెరోటినాయిడ్లు అందుతున్నాయో తేల్చే సర్వే అది. క్యారెట్‌కి రంగునిచ్చేవీ, ఆకుకూరల్లో పచ్చదనం కింద దాగి ఉండేవీ అవే. వాటిలో కొన్నిటి నుంచే ఒంట్లో విటమిన్ ఎ తయారవుతుంది.

"నీ లెక్కన మాదాపూర్ పిల్లలందరికీ రేచీకటి ఉండాలమ్మా. శుక్రవారంలోగా సరిచూసుకుని రా. లేదంటే ఇక రానక్కర్లేదు."

కనకలక్ష్మికి ఒళ్ళు మండింది. గడప గడపా తిరిగింది తను. మసక చీకట్లో ఆ పిల్లలు గోలీలు ఏరుకోవడం కళ్ళారా చూసింది. మరి ఫారాల్లో ఆకుకూర ఏదీ? పేదలకు అవగాహన లేదని సభల్లో వాపోయేవాళ్ళ దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధమే. ఆమెకు అది చాలలేదు.

మర్నాడు పొద్దున్నే, పొయ్యి మీద కుండ ఉండగా, కొత్తగా లేస్తున్న ఆఫీసు టవర్ల వెనక, మొన్న ఫారం నింపిన సత్తెమ్మ ఇంటికి మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఏమీ అడగలేదు. చిన్న తరాజు పక్కన పెట్టుకుని గుమ్మంలో చతికిలబడింది. సత్తెమ్మ కొంగు విప్పి గంగవాయిల కూర దులిపింది. ప్లాట్లు చేసి రాళ్ళు పాతిన పొలాల్లో తనంతట తాను మొలిచిన కూర.

"మొన్న ఏం కూరల్లేవంటివి గదక్కా!"

"ఏం కూరలు కొన్నవని అడిగినవ్. గిది కొన్నదా? రాళ్ళల్ల ఏరుకొచ్చిన ఆకు సంగతి ఆఫీసు పిల్లకు చెప్పి ఇజ్జత్ తీసుకుంటనా?"

కనకలక్ష్మి నెత్తి కొట్టుకుంది. మొన్న ముందుగా ఖర్చుల పట్టిక నింపి, అదే ఊపులో తిండి సంగతి అడిగింది. ధర లేనిదల్లా జారిపోయింది.

"తప్పు నాదే అక్కా. జర గా ఆకు తరాజుల వెయ్యి."

"తూకమేసి గుంజుకపోతవా ఏంది?"

"నీ కూర నాకెందుకే! నా కొలువు నిలబెడితే చాలు."

ఇంటింటికీ వంటవేళకే మళ్ళీ తిరిగింది. గంగవాయిల, పుంటికూర, మునగాకు, అన్నీ తూకం వేసింది. శుక్రవారం నాటికి, అడుగున ఉన్న మాదాపూర్ కెరోటినాయిడ్ల పట్టికలో పైకెక్కి కూర్చుంది. రామ్మోహనరావు రెండుసార్లు కూడి చూశారు.

"ప్రశ్నే మార్చేశావన్నమాట!"

"మార్చిన సార్. ఇగ మీరు గూడ మార్చుండ్రి."

మార్చారు. ఏరుకున్నవి, పెరట్లోవి, పక్కింటివాళ్ళు ఇచ్చినవి రాయడానికి అన్ని ఫారాల్లోనూ కొత్త గడి వచ్చింది. దాన్ని ఎలా నింపాలో కొత్తవాళ్ళకు నేర్పే కొలువు కనకలక్ష్మిదే. ఆ వారం రెండోసారి తిరిగిన బస్సు కిరాయి మాత్రం ఆఫీసు ఆమెకు ఇంకా బాకీ ఉంది.