మ్యాపులో మునిగిన వంతెన

ఆ రోజు మా వాగు వంతెన మీద చీమ మునిగేంత నీళ్లు కూడా లేవు. దాని నడుమ నిలబడి చూశాను కాబట్టి చెబుతున్నాను. అయినా జిల్లా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ల లెక్కలో అది మునిగిపోయింది.

మాది ఖానాపూర్ దగ్గర ఊరు. ఇంటింటా ఆడవాళ్లం బీడీలు చేస్తాం. వానాకాలం మొదట్లో ఆఫీసు నుంచి ఒకతను వచ్చి ఊరందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చాడు. ఎక్కడ నీళ్లు వచ్చినా వీడియో పెట్టండి, ఫేస్‌బుక్‌లో పెట్టినవీ చూస్తాం, అన్నీ మ్యాపు మీదికి ఎక్కిస్తాం, ఏ దారి మూసుకుపోయిందో అప్పటికప్పుడు తెలుస్తుంది అన్నాడు. మంచి మాటే అనుకున్నాను. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఫోన్లో వచ్చిన ప్రతి ముక్కా కూడబలుక్కుని చదివేదాన్ని.

మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున నా ఫోన్లోకి మా వాగు వీడియో వచ్చింది. వంతెన మీదుగా ఎర్రనీళ్లు దుంకుతున్నాయి. అది నిరుటిది. మా ఊళ్లో వాగు పొంగడం ఏటా చెప్పుకునే ముచ్చట. నిరుటి వీడియో చూసి ఎవరూ కంగారు పడరు, పది మందికి పంపుతారు. నేనూ ఆ గ్రూపులో పెట్టాను. కింద "మన వాగు" అని రాసి మరీ పంపాను. ఎప్పటిదో రాయలేదు. రాయాలని తోచనే లేదు.

మధ్యాహ్నం మా చెల్లె బీడీలు చుట్టే తునికాకు కట్ట తడిసిందని విప్పబోతే, అందులో దూరిన రక్తపింజర ఆమె కుడిచేతి చూపుడువేలి మీద కాటేసింది. అంబులెన్స్‌కు ఫోన్ చేశాం. ఆమెను కదిలించకండి, బండి బయలుదేరింది అన్నారు. ఇరవై నిమిషాల దారి. గంట గడిచింది. చెయ్యి మోచేతి దాకా వాచింది. నేను బండికి ఎదురు చూస్తూ వంతెన దాకా నడిచి, అక్కడి నుంచే డ్రైవర్‌కు ఫోన్ చేశాను.

"యాడున్నవ్ బిడ్డా?"

"చుట్టు తిరిగి వస్తున్నమమ్మా. మీ వాగు రోడ్డు బంద్ ఉన్నదట."

"ఎవడన్నడు?"

"మ్యాపుల ఎర్రగున్నది. గా దిక్కు పోవద్దని ఆఫీసోళ్లు చెప్పిన్రు."

"నేను వంతెన మీదికెల్లే మాట్లాడుతున్న. నా చెప్పులు సుత తడుస్తలేవు!"

"నిజమే కావచ్చు గని, రేపు బండికేమన్నయితే నన్నే అడుగుతరమ్మా."

ఇంక ఆగలేదు. ఇంటికి ఉరికాను. పక్కింటి సాయిబు ఆటోలో చెల్లెను వేసుకుని అదే వంతెన దాటాం.

"గిదేనా అక్కా మునిగింది? జర నీళ్లు చూపియ్యి, ముఖం కడుక్కుంట" అన్నాడు అతను, పళ్లు కొరుకుతూ.

చెల్లె బతికింది. వేలు నల్లబడిపోయింది, తీసేశారు. ముందే తెస్తే వేలూ దక్కేదేమో అన్నాడు డాక్టరు.

ఆసుపత్రి నుంచి ఆమె ఇంటికి వచ్చాక నేను ఆఫీసుకు పోయాను. మమ్మల్ని గ్రూపులో చేర్చినతనే కంప్యూటర్ నా వైపు తిప్పాడు.

"చూడమ్మా, మీ ఊరోళ్లే తొమ్మిది మంది గా వాగు వీడియో పంపిన్రు. అండ్ల నీ నంబర్ గూడ ఉన్నది."

"ఉన్నది. నాది తప్పే, కాదంటనా? తొమ్మిది నంబర్లు నీ ముంగట ఉండంగ, ఒక్కదానికి ఫోన్ కొట్టి వాగెట్లున్నదని అడిగేతందుకు నీకేమొచ్చింది?"

"ఊరూరికి ఫోన్ చేసుకుంట కూసుంటె, అప్పటికప్పుడు ఎట్ల తెలుస్తదమ్మా?"

ఆ మాట అతను నవ్వకుండానే అన్నాడు. అతనికి తెలిసింది ఏమిటి? నిరుటి నీళ్లు తెలిశాయి. గంటసేపు వాచిన చెయ్యి తెలియలేదు. మేమంతా వాగు ఒడ్డునే ఉన్నాం, ఫోన్లు మా చేతుల్లోనే ఉన్నాయి. మేం పంపిన బొమ్మను నమ్మినవాళ్లు మమ్మల్ని మాత్రం అడగలేదు.

బీడీ మూతి ముడిచేది ఆ వేలే. ఇప్పుడు చెల్లె ఆకు కత్తిరిస్తుంది, మూతులు నేను ముడుస్తాను. ఆ తొమ్మిది మందిలో నేనూ ఉన్నానని ఆమెకు తెలుసు. నాకే ప్రాణం ఆగక, "ఒక్కసారి తిట్టరాదే" అన్నాను.

"తిడితె వేలొస్తదా?" అంది తల ఎత్తకుండా. "మూతులు జర గట్టిగ ముడువు. బీడీ కట్టలన్ని కంపెనోళ్లు వాపస్ పంపుతున్నరు."