మాండలిన్ ఎడమ భుజం

మేడ్చల్‌లో వడ్ల సిద్దిరాములు ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. మాండలిన్ రాములు అంటే మాత్రం స్టేషన్ దారిలో టీ కొట్టువాడు కూడా చెయ్యెత్తి చూపిస్తాడు. తలుపులూ దర్వాజాలూ చేసుకుని బతకాల్సిన మనిషి. కుర్రతనంలో భజన మండలి వాళ్ళు విరిగిన మాండలిన్ తెచ్చి బాగుచెయ్యమంటే, దాన్ని చూసి కొత్తది ఒకటి చేసి వాళ్ళ చేతిలో పెట్టాడు. ఆ పిచ్చి ముదిరి అదే వృత్తయింది. ఆయన్ని కట్టుకున్న పాపానికి సాలమ్మకూ ఆ పిచ్చి అంటుకుంది. ఆయన కోస్తాడు, ఆమె గరుకు కాగితంతో రుద్దుతుంది. పెళ్ళయిన నాటి నుంచీ వరస అదే.

పని మొత్తం ఫర్మా మీద నడుస్తుంది. ఫర్మా అంటే పలచటి ప్లైవుడ్ ముక్క, మాండలిన్ ఒంటికి అచ్చు. నిలువుగా కోసిన బొప్పాయి చెక్కలా ఉంటుంది. కింద గుండ్రటి పొట్ట, పైన మెడ దగ్గరికి జారే రెండు భుజాలు. పనస చెక్క మీద దాన్ని పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీసి, సన్న రంపంతో కోస్తారు. పట్నంలో చేసేవాళ్ళు సగం ఫర్మాతోనే పని కానిస్తారు. ఒక పక్క గీసి, అదే తిప్పి రెండో పక్క గీస్తారు. రెండు వైపులూ అద్దంలో చూసినట్టు ఒక్కతీరుగా వస్తాయి. రాములుకు అది గిట్టదు. ఆయన ఫర్మా పూర్తిది. వాయించేవాళ్ళ ముంజేయి ఆనే వైపు పొట్ట బియ్యపు గింజంత లోపలికి ఉంటుంది. కంటికి ఆనదు. గంటసేపు వాయించిన చేతికి మాత్రం తెలుస్తుంది. ఎడమ భుజం కుడిదానికన్నా కాస్త నిండుగా ఉంటుంది. అదెందుకయ్యా అంటే, "గట్లుంటేనే దానికి పానం" అంటాడు. అంతకు మించి చెప్పడు, మనం అడగకూడదు.

రుద్దడం అయ్యాక ఆ ఒంటిని ఫర్మా మీద పెట్టి, కళ్ళు మూసుకుని, బొటనవేలితో అంచు చుట్టూ తడుముతాడు. ఎక్కడ కట్టె, ఎక్కడ ఫర్మా అన్నది వేలికి తెలియకూడదు. తెలిస్తే ఆ ఒళ్ళు పొయ్యిలోకే. "గీత తప్పిన వడ్లోడు పాడె కట్టెలు గూడ కొయ్యొద్దు" అనేది ఆయన మాట. తన చేతికి గీత తప్పిన రోజు రంపం అటకెక్కిస్తానని సాలమ్మతో ఎన్నోసార్లు అన్నాడు. అన్నంత పనీ చేసే మొండిఘటం.

రెండేళ్ళ కిందటి దసరాకు ముందు ఆ గీత తప్పింది. చూసింది సాలమ్మ ఒక్కతే.

ఎడమ భుజం దగ్గర రంపం మలుపు తిరగాలి. అక్కడ రాములు మణికట్టు వణికి రంపం గీత దాటి లోపలికి పోయింది. కళ్ళు కూడా మునుపటిలా లేవు. గీత అలికినట్టు కనబడితే అది పెన్సిల్ తప్పనేవాడు. టీ ఒలికితే గ్లాసు తప్పు. సాలమ్మ చెక్క చేతిలోకి తీసుకుని ఆ సొట్ట చూసింది. కట్టెను తియ్యగలం గానీ పెట్టలేం కదా. సొట్ట పోవాలంటే చుట్టుపక్కలంతా దాని దాకా దించాలి. రుద్దింది. చేతులు పీకేదాకా రుద్దింది. తీరా చూస్తే ఒళ్ళు ఫర్మా కన్నా చిన్నదైపోయింది. బొటనవేలు పెట్టాడంటే దొరికిపోతుంది.

అప్పుడు ఆమె ఎవరూ చెయ్యని పని చేసింది. ఆయన చెరువు చేపలకని శామీర్‌పేట వెళ్ళిన పూట, ఆ ఫర్మానే తీసి, ఒంటికి సరిపోయేదాకా రుద్దేసింది.

సాయంత్రం రాములు బొటనవేలు తిప్పి చూసి, "మస్తుగొచ్చింది" అన్నాడు. సాలమ్మ చేపల కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

ఒకసారి అబద్ధమాడితే దాన్ని నిలబెట్టడానికి మరో పది ఆడాలి. రంపం తప్పినప్పుడల్లా ఒళ్ళు తగ్గింది, దానితో పాటు ఫర్మా తగ్గింది. ఎడమ భుజం నిండుదనం పోయింది. పొట్టలోని ఆ బియ్యపు గింజ తేడా కూడా ఎప్పుడో కరిగిపోయింది. పాపం, ఆమెకు తెలియక కాదు. రంపం పోతే ఈ మనిషి ఏం చేసుకుని బతుకుతాడన్నదే ఆమె భయం. అరుగు మీద కూర్చుని తుర్కపల్లి కంపెనీలకు పోయే బండ్లు లెక్కపెట్టుకుంటాడా?

మొన్న ఎండాకాలంలో జైపాల్ వచ్చాడు. పేట్ బషీరాబాద్‌లో పిల్లలకు మాండలిన్ నేర్పుతాడు, రాములు చేతి వాద్యం తప్ప ఇంకోటి ముట్టడు. చేతిలో రెండు పెట్టెలున్నాయి.

"ఉస్తాద్, తప్పుగ అనుకోకు. పెట్టెలు నేనెప్పుడు ఒక్క కొలతకే చేపిస్త. నా పాతది కదలకుండ కూసుంటది. ఈ మధ్య తీస్కపోయినయి లోపల లొడలొడ ఆడుతున్నయి. పిల్లలేమో చెయ్యి గుంజుతాందంటున్రు."

"పనస ఎండి గుంజుకున్నట్టుంది సారు" అన్నాడు రాములు.

జైపాల్ కొత్తదాన్ని పాతదాని మీద పెట్టాడు. పాతదాని అంచు చుట్టూ బయటికి కనబడింది, ఎడమ భుజం దగ్గర మరీ ఎక్కువగా. రాములు లేచి, మేకుకు వేలాడే ఫర్మా తెచ్చి పాతదాని మీద పెట్టాడు. అదీ చిన్నదే. ప్లైవుడ్ ఎండి గుంజుకోదు.

"ఎవరు ముట్టిన్రే దీన్ని?"

అడకత్తెరలో పోకచెక్క అయింది సాలమ్మ పని. నిజం చెబితే ఆయన చెయ్యి పోతుంది, చెప్పకపోతే తన చెయ్యి పోతుంది. ఆమె తన చేతినే వదులుకుంది.

"బంక అంటిందని నేనే గీకిన. ఎక్కువ రుద్దినట్టున్న" అంది.

"నా పానమంత దాంట్ల ఉంటే గీకి పారేసినవా? గరుకు కాగితం నీ చేతికిచ్చుడే నా బుద్ధి తక్కువ. ఇగ నువ్వు కట్టె ముట్టకు!"

జైపాల్ ఎదుటే ఆ మాట అనేశాడు రాములు. సాలమ్మ గరుకు కాగితాలు తీసి ఆయన పీట పక్కన పెట్టేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా లోపల ఎక్కడో చిన్న నిమ్మళం. ఆయన అనుమానం ఆయన చేతి మీదికి పోలేదు కదా.

రాములు జైపాల్ పాత మాండలిన్‌ను దగ్గర పెట్టుకుని, దాని చుట్టూ గీసి, పట్నంలో మిషన్ మీద కొత్త ఫర్మా కోయించాడు. మంచి పనస చెక్క తీసి కోతకు కూర్చున్నాడు. రుద్దడానికి శామీర్‌పేటలో ఫర్నిచర్ పని చేసే జాఫర్‌కు పంపుతానన్నాడు, అతని దగ్గర గరుకు పట్టీ తిరిగే బెల్టు మిషన్ ఉంది. సాలమ్మ గడప దగ్గర బియ్యం ఏరుతూ రంపం చప్పుడు వింటోంది. ఎడమ భుజం మలుపులో చప్పుడు మారింది. చేట చేతిలోనే ఆగిపోయింది.

చెక్క ఆటోలో వెళ్ళిపోయాక పెరట్లోకి పోయి జాఫర్‌కు ఫోన్ చేసింది.

"బిడ్డా, ఎడమ భుజం జర చూడు. ఎట్లన్న జేసి సరిజెయ్యి."

"చాచీ, మిషన్ కట్టెను తింటది గాని పెడ్తదా? మీద కింద రెండు పక్కలు నున్నగ చేస్త. అంచు గూడ గీత దాక రుద్దుత. ఆ గుంతకు మాత్రం బెల్టు అందది" అన్నాడు జాఫర్.

మర్నాడు చెక్క తిరిగొచ్చింది. రాములు దాన్ని కొత్త ఫర్మా మీద పెట్టి, కళ్ళు మూసుకుని, పొట్ట దగ్గర నుంచి బొటనవేలు పైకి జరిపాడు. కుడి భుజం దాటింది, మెడ దాటింది. ఎడమ భుజం దగ్గర ఆగింది.

"తినేసిండు! జాఫర్‌గాడు నా భుజం తినేసిండే!" అని లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "శామీర్‌పేట పోయి వాని సంగతి జూస్త."

సాలమ్మ గడపలో అడ్డం నిలబడింది. అంతలో ఆయన చేతిలో ఉన్న చెక్క మీద వేలు మళ్ళీ దానంతటదే ఆ సొట్టలోకి పోయింది. అక్కడ గరగర తగిలింది. రంపం పళ్ళ గీతలు. మిషన్ ఆ చోటును తాకనే లేదు.

ఆయన చెప్పులతోనే వచ్చి పీట మీద కూర్చున్నాడు. గోటితో ఆ గీతల్ని గీరాడు. కుడిచెయ్యి ముందుకు చాపి, వేళ్ళు విప్పి చూసుకున్నాడు. వేళ్ళు వణుకుతూనే ఉన్నాయి. మేకుకున్న పాత ఫర్మా వైపు చూశాడు, తర్వాత సాలమ్మ వైపు.

"ఎప్పటి సంది?"

"ముందటేడు దసరా సంది" అంది సాలమ్మ.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు పని బందు వెడ్తవు."

"పెడుదును. నిజమే." ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది. "గాని ఒకటి మంచిగ జేసి, ఇది ఆఖరుదని తెలిసి బందు వెడుదును. దాన్ని ఇంట్ల పెట్టుకుందుము. గీ రెండేండ్లల్ల నేను చేసినయి నాయి గావు, నీయి గావు. అయినా నా పేరు మీద తిరుగుతున్నయి."

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆయన్ని కాపాడుతున్నానే అనుకుంది సాలమ్మ ఇన్నాళ్ళూ. తాను రుద్దేసింది కట్టెను కాదు, ఆయన చేతి పేరునని ఇప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం, కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం తప్ప.

రాములు కొత్త ఫర్మానూ పాత మాండలిన్‌నూ జైపాల్‌కు పంపేశాడు. కోసే చెయ్యి వేరే చూసుకోమన్నాడు. రంపం అటకెక్కింది. ఇప్పుడు అరుగు మీద కూర్చుంటాడు. సాలమ్మ టీ తెచ్చి, గ్లాసు సగమే నింపి ఇస్తుంది.

"గీత తప్పకముందు ఆఖరుగ మంచిగొచ్చింది ఎవరికిచ్చినమే?" అని అప్పుడప్పుడూ అడుగుతాడు.

ఆమె ఎంత ఆలోచించినా గుర్తు రాదు. భజన మండలి వాళ్ళకా, బహదూర్‌పల్లి నుంచి వచ్చిన ఆ అమ్మాయికా? ఆయన చేతి ఆఖరి మాండలిన్ ఎవరింట్లోనో పెట్టెలో కదలకుండా పడి ఉంది. అదే ఆఖరిదని వాళ్ళకూ తెలియదు.