దక్షిణపు దర్వాజ

పడవ ఎక్కేముందు అందరినీ చెప్పులు విప్పమన్నాడు దాని యజమాని. చెక్క మీద గీతలు పడతాయట. మా చెల్లెలు చెప్పులు సంచిలో పెట్టుకుని, కొత్తింట్లో అడుగుపెట్టినట్టు కుడికాలు ముందు మోపింది. నేను చూసి ఊరుకున్నాను. కుడికాలు, ఎడమకాలు లాంటి మూఢనమ్మకాల మీద సభల్లో గొంతు పోయేదాకా మాట్లాడినదాన్ని. అయినా ఆ శనివారం చిన్న వాటి మీద నోరు పారేసుకోకూడదని ముందే అనుకున్నాను. తేల్చుకోవలసిన పెద్ద విషయం ఒకటి ఉంది. దానికి ఆ ఒక్క రోజే మిగిలింది.

మర్నాడు పొద్దున జగిత్యాలలో మా చెల్లెలి ఇంటి గోడ మీద మేస్త్రి గడ్డపార వేయబోతున్నాడు. దక్షిణం వైపు ఉన్న పెద్ద దర్వాజను ఇటుకలతో మూసేసి, తూర్పున కొత్తది తెరవాలి. అది ఇల్లు బాగుచేసుకోవడమే అయితే నేను విమానం ఎక్కి ఖతార్ వచ్చేదాన్ని కాదు.

నిరుటి వానాకాలంలో వాళ్ల ఒక్కగానొక్క కొడుకు డెంగీ జ్వరంతో పోయాడు. మూడో తరగతి. అప్పుడు చెల్లెలూ పిల్లాడూ ఆ ఇంట్లో ఉండేవాళ్లు. మరిది ఇక్కడ ఒక నిర్మాణ కంపెనీలో ఫోర్‌మన్. పిల్లాడు పోయాక భార్యను అక్కడ ఒంటరిగా ఉంచలేక ఇక్కడికి, దోహా పక్కనున్న ముఐథర్‌కు తెచ్చుకున్నాడు. ఒక విల్లా వెనక రెండు గదులు. పగలంతా ఏసీ చప్పుడు తప్ప మనిషి గొంతు వినపడదు.

ఆ గదుల్లోకి ఫోన్ ద్వారా ఒక సిద్ధాంతి వచ్చాడు. ఇంటి ఫోటోలు, ప్లాను తెప్పించుకుని చూశాడు. దక్షిణానికి సింహద్వారం ఎవరు పెట్టమన్నారని అడిగాడు. మా చెల్లెలే పట్టుబట్టింది. మరిది ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. యముడు ఆ దారినే వచ్చాడని సిద్ధాంతి తేల్చేశాడు. దర్వాజ మూసెయ్యాలి. గడ్డపార తగిలే ముందు ఇంటి ఇల్లాలు వీడియో కాల్‌లో దీపం వెలిగించి, "తప్పు నాది, నా వల్లనే పోయిండు" అని మూడుసార్లు అనాలి. అప్పుడు దోషం తీరుతుంది.

వాస్తు అంటే మెట్లు కూలగొట్టించే వేలంవెర్రి అనుకుని నవ్వేవాళ్లున్నారు. నవ్వకండి. చావు జరిగిన ఇంట్లో వాస్తు చేసే పని ముద్దాయిని వెతకడం. ఆ వెతుకులాట ఎక్కడ మొదలైనా వంటగది దగ్గరే ఆగుతుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి చేత, నేనే చంపానని ఫోన్‌లో చెప్పించడానికి ముహూర్తం కూడా పెట్టారు. ఇది తెలిసిన రోజే టికెట్ కొన్నాను.

వచ్చినప్పటి నుంచీ వాదిస్తూనే ఉన్నాను. మరిది తలవంచుకుని విన్నాడు. చివరికి, "వదినా, నీతోని గెలుసుడు నాతోని కాదు. నాకు గెలుసుడు గూడ వద్దు. నా గోడ, నేను పగలగొట్టుకుంట" అన్నాడు. చెల్లెలు వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఉండిపోయింది. నాకు జవాబు కావలసింది ఆమె దగ్గర.

ఈ పడవ ప్రయాణం మరిది మీద అధికారిగా పనిచేసిన ఇంజనీరు పెట్టింది. గ్రీసు దేశస్థుడు. ప్రాజెక్టు ముగిసింది, అతను ఇంటికి వెళ్లిపోతున్నాడు, తెరచాప పడవను అమ్మేస్తున్నాడు. అమ్మేలోపు తన మనుషులను ఒక్కసారి సముద్రం మీదికి తీసుకుపోవాలని అతని కోరిక. మరిదితో పాటు కంపెనీ స్టోర్ చూసే కోరుట్ల భాయ్ వచ్చాడు. ఇద్దరూ ఒకే క్యాంపులో ఏళ్లు గడిపినవాళ్లు. "పొయ్యొద్దాం పా వదినా, ఆడనన్న వాస్తు ముచ్చట బంద్ పెడుదువు" అన్నాడు మరిది.

అల్ వక్రా రేవు దాటాక ఇంజను ఆపేశాడు ఇంజనీరు. తెరచాప ఒక్కసారి టపటపలాడి గాలితో నిండింది. పడవ ఒక పక్కకు ఒరిగింది. మా చెల్లెలు సముద్రం మీదికి రావడం అదే మొదలు. కమ్మీని రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకుంది.

"గంత గట్టిగ పట్టుకోకు చెల్లే," అన్నాడు భాయ్. "అది ఎటు వంగితె నువ్వటు వంగు. ఆర్టీసీ బస్సుల నిలబడ్డట్టే."

"బస్సుల కింద రోడ్డుంటది," అంది చెల్లెలు, కళ్లు తెరవకుండానే. నేనొచ్చాక ఆమె అడక్కుండా అన్న మొదటి మాట అది.

మధ్యాహ్నానికి లోతు తక్కువ ఉన్నచోట లంగరు వేశారు. నీళ్ల అడుగున ఇసుక కనపడుతోంది. దూరంగా ఒడ్డు ఒక పలచని గోధుమరంగు గీత. చెల్లెలు పులిహోర, భాయ్ బిర్యానీ, ఇంజనీరు రొట్టె, ఆలివ్ కాయలు తెచ్చారు. "యల్లా, కానివ్వండి, తినండి" అన్నాడు ఇంజనీరు. మరిది ఫోన్ తీసి దిక్సూచి చూసుకుని, తూర్పు ముఖంగా సర్దుకుని కూర్చున్నాడు. పిల్లాడు పోయినప్పటి నుంచీ తూర్పుకు తప్ప వేరే దిక్కుకు తిరిగి తినడు.

తింటూ ఉండగా ఒంటి మీది ఎండ చోటు మారింది. ఇందాక నా వీపు వెనక ఉన్న ఒడ్డు ఇప్పుడు నా కళ్లముందు ఉంది. ఎవరూ కదల్లేదు. పడవే తిరిగిపోయింది.

భాయ్ ముందు గమనించాడు. "అరే దోస్త్! సగం బువ్వ తూర్పుకు తిన్నవ్, సగం పడమటికి తిన్నవ్. ఏ సగం అరుగుతదో మరి!"

మరిది ఫోన్ చూసుకున్నాడు. చేతిలో ముద్ద అలాగే ఉంది. లంగరు వేసిన పడవ ముఖం ఎప్పుడూ గాలికే ఎదురు తిరుగుతుందని ఇంజనీరు వివరించాడు. పొద్దున గాలి ఒడ్డు మీది నుంచి వీచింది, మధ్యాహ్నం సముద్రం మీది నుంచి వీస్తోంది, అంతే. చెల్లెలి పెదవి చివర చిన్న నవ్వు కదిలి పోయింది.

నేను ఊరుకోగలనా? "చూసినవా మరిదీ, నీ తూర్పు ఎంతసేపున్నదో!"

"నీళ్ల మీద సరే వదినా," అన్నాడు ముద్ద నోట్లో పెట్టుకుంటూ. "భూమి మీద ఇల్లు తిరుగది గదా."

జవాబు బాగానే ఉంది. నాకు మండింది.

కాసేపటికి భాయ్ పడవ వెనక భాగంలో తువ్వాలు పరిచి, దిక్కు చూసుకుని నమాజు మొదలుపెట్టాడు. పడవ ఇంకా ఊగుతూ తిరుగుతోంది. ముగించి తువ్వాలు మడుస్తుంటే, మొదలుపెట్టిన దిక్కూ ముగించిన దిక్కూ ఒకటేనా అని అడిగాను. మొదట్లో చూసుకున్నానని, తర్వాత తిరగడం పడవ పని అని అన్నాడు. నేను వెంటనే మరిది వైపు తిరిగాను. భాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అక్కా, నన్ను మీ మీటింగుల ఉదాహరణ జెయ్యకుండ్రి. నాకు దిక్కు గావాలె. దొరికినంత గావాలె. గంతే."

మొగవాళ్లు గాలాలు తీశారు. నేను చెల్లెలిని పడవ ముందు భాగానికి తీసుకుపోయాను. కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్నాం. సభలో మాట్లాడినట్టు కాకుండా, మెల్లగానే మొదలుపెట్టాను.

"రేపు ఆ మాట అనకు. దర్వాజకు పాపం లేదు, నీకూ లేదు. దోమకు దక్షిణం తెలియదు, తూర్పు తెలియదు. నిలవనీళ్లలో పుడుతుంది, కుడుతుంది. వాణ్ణి తీసుకుపోయింది దోమ. డాక్టరు కూడా అదే చెప్పాడు."

"ఏ నీళ్లల్ల?" అంది.

నాకు అర్థం కాలేదు.

"నిలవనీళ్లంటున్నవ్ గదక్కా. ఏ నీళ్లల్ల?" నా వైపు చూడలేదు. "ఎండకాలం అయినంక కూలర్‌ను మూలకు నూకిన. నీళ్లు పారబొయ్యలే. ఇంట్ల నీళ్లు నిలవున్నయా అని డాక్టరు అడిగితె లేవన్న. అన్ని అయిపోయినంక ఇంటికొచ్చి చూస్తే కూలర్ల పురుగులు ఆడుతున్నయ్."

నీళ్లు పడవ పక్కన మెత్తగా కొట్టుకుంటున్నాయి.

"సిద్ధాంతి చెప్పినా నేనే. నువ్వు చెప్పినా నేనే," అంది. "ఆయన మూడుసార్లు అంటె పోతదన్నడు. నీ దాంట్ల ఏమంటె పోతదక్కా?"

పీఠాధిపతులతో వాదించాను. శాస్త్రం చదివీ జాతకాలు చూసుకునే ప్రొఫెసర్లతో వాదించాను. ఎవరూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు. మూఢనమ్మకం పోతే మనిషి తేలిక పడతాడనే మేమెప్పుడూ చెప్పుకున్నాం. దయ్యం వట్టిదంటే భయం పోతుంది. శకునం వట్టిదంటే ప్రయాణం సాగుతుంది. ఇక్కడ నిజం చెప్పాను. నిజం కూడా అదే మనిషి వైపు వేలు చూపింది. పైగా సిద్ధాంతి దగ్గర క్షమాపణకు ఒక పద్ధతైనా ఉంది. నా దగ్గర అది లేదు.

ఊరడించడానికి అబద్ధం చెప్పవచ్చు. కూలర్‌లో పుట్టేవి వేరే దోమలని అనవచ్చు. అంటే నాకూ ఆ సిద్ధాంతికీ తేడా ఏముంది?

"నాకు తెలియదు," అన్నాను.

తల తిప్పి చూసింది.

"ఏ దోమ కుట్టిందో నాకు తెలియదు, నీకు తెలియదు, డాక్టరుకూ తెలియదు. ఆ నెల మీ వీధంతా జ్వరాలే అని నువ్వే చెప్పినవ్. కూలర్ లేని ఇళ్లలోనూ జ్వరంతో పడుకున్నారు. వాడు బడిలో ఉన్నాడు, ఆటలో ఉన్నాడు. నీళ్లు పారబోయాల్సింది, పోయలేదు. అది నిజం. ఆ నీళ్ల వల్లే పోయాడు అనేది మాత్రం ఎవరికీ తెలియదు. ఆయన నిన్ను తెలియనిదాన్ని తెలిసినట్టు మూడుసార్లు చెప్పమంటున్నాడు. అది చెప్పకు. నేనడిగేది అంతే."

"చెప్పకపోతే ఇది పోతదా?" గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

"పోదు. చెప్పినా పోదు."

వెనక చప్పుడైంది. మరిది తెరచాప కొయ్యను పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో. కూలర్ మాట అతను వినడం అదే మొదలని ముఖం చూస్తే తెలిసింది. చెల్లెలు ఒళ్లు ముడుచుకుంది. నేను లేచి వాళ్లిద్దరి మధ్య నిలబడబోయాను.

అతను అక్కడే కూలబడ్డాడు. సముద్రం వైపు చూస్తూ, "ఆ కూలర్ కొన్నది నేనే," అన్నాడు. "పోయిన లీవుల. మీకిద్దరికి ఉక్కపోస్తదని."

చెల్లెలు తలెత్తి అతని వైపు చూసింది.

"వాడు దవాఖానల ఉన్ననాడు నేను సైట్ల కాంక్రీటు పోయిస్తున్న వదినా. ఫోన్ జేబుల మోగుతనే ఉంది. మిషిని చప్పుడుకు ఇనపడలే. నువ్వు గోడ గోడ అంటున్నవ్. నాకు ఏదో ఒకటి పగలగొట్టాలెనని ఉంది. ఇంకేం పగలగొట్టాలె చెప్పు, పగలగొడత."

చెల్లెలు జరిగి అతని పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకోలేదు, ఏడవలేదు. భుజం ఆనించింది. నేను వెనక్కి వచ్చేశాను. అక్కడ నా అవసరం లేదని తెలుసుకోవడానికి శాస్త్రం అక్కర్లేదు.

సాయంత్రం గాలి ఒడ్డు వైపే తోస్తోంది. లంగరు లేపి వెనుదిరిగాం. అల్ వక్రా ఇళ్లు ఒక్కొక్కటీ విడివిడిగా కనపడసాగాయి. చెల్లెలు వచ్చి అందరి మధ్య కూర్చుంది. ఎవరినీ ఉద్దేశించకుండా మొదలుపెట్టింది.

"దక్షిణానికే దర్వాజ ఎందుకన్ననో ఇంతవరకు ఎవ్వరు అడుగలే. సిద్ధాంతి అడుగలే, అక్క అడుగలే." నేను తల దించుకున్నాను. "బడి అటుదిక్కు ఉండె. దర్వాజల నిలబడితె వాడు గేటు లోపటికి పోయేదాక కనబడుతుండె. బ్యాగు పెద్దగ, మనిషి చిన్నగ. ఆడ ఇటుకలు పెడితె నేనింక నిలబడనీకె జాగ ఉండదు."

తర్వాత మరిది వైపు తిరిగింది. "ఇగో, రేపు దీపం పెట్టుమంటె పెడత. వాని పేరు మీద పెడత. ఆ మాట మాత్రం నేనన."

మరిది ఫోన్ తీసి మేస్త్రికి కలిపాడు. గాలి హోరుకు వినపడక స్పీకర్ పెట్టాడు.

"ఆఁ సేటూ!" మేస్త్రి గొంతు ఉత్సాహంగా ఉంది. మా వైపు గల్ఫ్ అంతా దుబాయే. "దుబాయ్‌ల అందరు మంచిగున్నరా? ఇటుకలు దింపిచ్చిన. దర్వాజ ముంగటనే పేర్పిచ్చిన. పొద్దుగాల అయిదింటికే వస్తం."

"రాకు. పని బంద్."

"గదేంది సేటూ! ముహూర్తం తప్పుతది. సిద్ధాంతయ్యకు నేనేం జెప్పాలె?"

మరిది ఫోన్ పట్టుకుని చెల్లెలి వైపు చూశాడు.

"ఇంటామె పడవ మీద ఉన్నదని జెప్పు," అంది చెల్లెలు ఫోన్ దగ్గరికి వంగి. "ఈడ దక్షిణం ఒక్కకాడ నిలుస్తలేదని జెప్పు."

భాయ్ ఫక్కున నవ్వి నోరు మూసుకున్నాడు. అవతల మేస్త్రికి ఏమీ అర్థమైనట్టు లేదు. అమ్మా, అమ్మా అంటున్నాడు. చెల్లెలు ఫోన్ తన చేతిలోకి తీసుకుంది.

"ఇగో మేస్త్రీ, రేపటిదాక ఆగకు. ఇయ్యాలనే ఎవ్వరినన్న పంపి ఆ ఇటుకలు పక్కకు తీపియ్యి. దర్వాజకు అడ్డమున్నయి."