యాదమ్మ మీద పడిన నా తప్పు

2011లో శంషాబాద్‌లో ఉండేవాళ్లం. కొత్తూరులో పాతసామాన్ల కొట్టులో, బట్టలు ఉతికి తానే వేడిగాలితో ఆరబెట్టే పాతకాలం వాషింగ్ మెషీన్ దొరికింది. నెల రోజులు కుస్తీ పట్టి దాన్ని బాగుచేశాను. పరీక్షించాలన్న తొందరలో, మా బట్టలుతికే యాదమ్మ దండెం మీద ఆరేసి వెళ్లిన మా ఆవిడ ఉన్ని స్వెట్టర్‌ను తడిగానే అందులో వేశాను. తీసి చూస్తే పసిపిల్ల చొక్కా అంత అయింది! గబగబా మళ్లీ దండెం మీదే వేసేశాను.

"వేడినీళ్లల్ల నానబెట్టినవా ఏంది?" అని మా ఆవిడ మర్నాడు యాదమ్మ మీద మండిపడింది. నేను పేపర్లో తల దూర్చాను.

"తప్పయింది అక్కా, నీళ్లు జర వేడైనయేమో" అంది యాదమ్మ. పోతూ పోతూ నాతో, "ఇగ మిషన్లనే ఏసుకోండ్రి అన్నా. అది నా లెక్క ఖరాబ్ చెయ్యదు" అంది.

ఇది అచ్చయితే మా ఆవిడ చదువుతుంది. యాదమ్మకు చదువు రాదు. ఆమెకు నేనే వెళ్లి చదివి వినిపించాలి.