ముందే ప్రకటించిన కృతజ్ఞత కూడిక

నా పేరు శ్యామ్ బాబు. మలికిపురం దగ్గర ఒక హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. పద్ధతి అంటే నాకు ప్రాణం. చర్చిలో కుర్రాళ్లు డ్రమ్ములు వాయిస్తే నిరసనగా లేచి బయటికి వస్తాను. వెనకాల ఇంకెవరూ రారు కాబట్టి కాసేపాగి మళ్లీ లోపలికి వెళ్లి కూర్చుంటాను. ఓటు సంగతీ అంతే. మా నాన్నగారు వేసిన పార్టీకే నలభై ఏళ్లుగా వేస్తున్నాను. ఈలోగా ఆ పార్టీ నాయకుణ్ణి మార్చింది, మాట మార్చింది, ఒకసారి ఎదటి పార్టీతో పొత్తు కూడా పెట్టుకుంది. నేను మాత్రం మారలేదని కనబడిన ప్రతివాడికీ చెబుతుంటాను.

మొన్నటి అసెంబ్లీ ఎన్నికల్లో పోలింగు అయిన మర్నాడే గెలుపు మాదేనని నాకు తెలిసిపోయింది. ఎలాగంటే, నేను అడిగిన వాళ్లందరూ "మీరు చెప్పినట్టేనండి మాస్టారూ" అన్నారు. నేను అడిగిందంతా నా దగ్గర చదువుకున్నవాళ్లనే. ఒకప్పుడు నా చేతిలో బెత్తం చూసినవాళ్లు ఇంకేమంటారన్న ఆలోచన నాకు రాలేదు.

ఆ ధీమాతో ఆదివారం ఆరాధనలో చీటీ చదివించాను. "ఎన్నికల ఫలితాలు వచ్చే రోజు సాయంత్రం శ్యామ్ బాబు గారింట కృతజ్ఞత కూడిక. అనంతరం ప్రేమవిందు." మా వాళ్లలో ఉద్యోగం వస్తేనో, జబ్బు నయమైతేనో ఇలాంటి కూడిక పెడతారు. ఇంటాయన లేచి, దేవుడు నాకు చేసిన మేలు ఇదీ అని సాక్ష్యం చెప్పాలి. ఇంకా జరగని మేలుకు కూడిక ప్రకటించింది మా సంఘంలో నేనొక్కణ్ణే.

ఫలితాల రోజు పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని టీవీ ముందు కూర్చున్నాను. పదింటికి వెనకబడ్డాం. "మన ఊళ్లు ఇంకా లెక్కపెట్టలేదులే" అన్నాను. పదకొండింటికి మన ఊళ్లు కూడా లెక్కపెట్టేశారు. దాంతో ఇంకాస్త వెనకబడ్డాం. పన్నెండింటికి టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్లాను.

"కూడిక వాయిదా వేద్దామా? నాకు ఒంట్లో బాగోలేదని చెప్పొచ్చు," అన్నాను మా ఆవిడ సుందరమ్మతో.

"మీకు బాగోలేదని ఈపాటికి ఊరంతా తెలిసిపోయి ఉంటుంది లెండి," అంది ఉల్లిపాయలు తరుగుతూ. "దేవుడి పేరు చెప్పి పిలిచేరు. ఓడిపోయేరని మానేస్తారేంటండీ? అవతల షామియానా వేసేసేరు. మాంసం కూడా వచ్చేసింది."

మానేస్తే దేవుడికిచ్చిన మాట తప్పినట్టు. నిలబడి, లేని కృతజ్ఞత ఉన్నట్టు చెబితే అబద్ధం, అదీ దేవుడి ఎదుట. పైగా ఊరి ముందు పరువు. చెప్పదగ్గ నిజం ఒక్కటైనా దొరక్కపోతుందా అని మధ్యాహ్నమంతా కాగితాలు రాసి చింపుతూ కూర్చున్నాను. భయం వేసింది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు కూడా అంత భయపడలేదు.

సాయంత్రానికి షామియానా నిండిపోయింది. పక్కింటి కొబ్బరి రైతు కేశవరావు గారు గెలిచిన పార్టీ మనిషి. ఇన్నేళ్లలో మా ఇంటి కూడికలకు భోజనాల వేళకు తప్ప రాని ఆయన, ఆ రోజు మొదటి పాటకే వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.

"ఏంటండీ, ఇంత పెందరాళే?" అన్నాను.

"ఆయ్, తమరి సాక్ష్యం విందామని వచ్చేనండి," అన్నారు ఎంతో మర్యాదగా.

పాటలయ్యాయి. పాస్టరు ప్రకాశరావు గారు ప్రార్థన చేసి, నా వైపు జాలిగా చూసి, "ఇప్పుడు మాస్టారు సాక్ష్యం చెబుతారు," అన్నారు.

లేచి నిలబడ్డాను. "దేవుడు..." అన్నాను. తర్వాతి మాట రాలేదు. తలెత్తి చూస్తే ఆడవాళ్ల వరసలోంచి మా అమ్మాయి శారోన్ మంచినీళ్ల గ్లాసుతో లేచి నా దగ్గరికి వస్తోంది.

దాన్ని చూడగానే ఆరేళ్ల కిందటి సాయంత్రం గుర్తొచ్చింది. అర మార్కు తేడాతో దానికి డీఎస్సీలో టీచరు పోస్టు పోయిన రోజది. కుటుంబ ప్రార్థనకు చుట్టాలందరూ వచ్చి ఉన్నారు. "ఓడినప్పుడూ దేవుణ్ణి స్తుతించాలి. అదీ పద్ధతి. లేచి కృతజ్ఞత చెప్పు," అన్నాను. వద్దు నాన్నగారూ అని రెండుసార్లు బతిమాలింది. నేను వినలేదు. లేచి, ఏడుస్తూ, "దేవుడికి వందనాలు" అంది. "ఇంకా చెప్పు," అన్నాను. అది అలాగే నిలబడిపోయింది. చుట్టాలు నా పెంపకాన్ని మెచ్చుకుంటే నేను పొంగిపోయాను.

రెండేళ్లు రాత్రీ పగలూ చదివి పోగొట్టుకున్నదానికి ఆ పిల్ల చేత స్తోత్రం చెప్పించాను. ఇవాళ నాకు పోయిందేమిటి? నా పేరైనా తెలియని ఒక పెద్దమనిషికి ఎమ్మెల్యే పదవి పోయింది. ఆ మాత్రానికే నా నోరు పెగలడం లేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"నాకు కృతజ్ఞత రావడం లేదండి," అన్నాను. "మా పార్టీ ఓడిపోయిందని ఏడుపొస్తోంది. ఉన్న నిజం అంతే." కేశవరావు గారు నవ్వబోయి ఆగిపోయారు. నేను శారోన్ వైపు తిరిగాను. "డీఎస్సీ పోయిన రోజు నిన్ను అలా నిలబెట్టడం తప్పమ్మా. నన్ను క్షమించు."

అది గ్లాసు నా చేతిలో పెట్టి, తన చెయ్యి నా భుజం మీద వేసింది.

"కూర్చోండి నాన్నగారూ," అంది మెల్లగా. "ఆ రోజు నన్ను కూర్చోమన్నవాళ్లే లేరు."