ధరల మీద నేను చేసిన ఉపన్యాసం

బడిపంతులు ఉద్యోగంలో నా రెండో బదిలీ దేవరకొండకు. మాది మక్తల్ దగ్గర ఒక పల్లె. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు, ఇంకా పెళ్లి కాలేదు. బజారులో ఒక జొన్నల వ్యాపారి ఇంటి వెనక గది కిరాయికి దొరికింది. ఆయనకు అరవై దాటాయి. ఊరంతా సేటు అని పిలిచేది గానీ దుకాణం చిన్నదే. ముందర నాలుగు బస్తాలు, ఒక తక్కెడ, కూర్చోవడానికి ఒక గోనెపట్టా. పిల్లలు లేరు. ఆయన భార్యను నేను పెద్దమ్మ అనేవాణ్ణి. మా కిరాయి మాటలో తిండి ముచ్చట లేదు. అయినా ఆమె రోజూ పొద్దున రెండు జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం పళ్లెంలో పెట్టి, మీద మరో పళ్లెం బోర్లించి నా గడప దగ్గర పెట్టి పోయేది. బడికి పరగడుపున పోవద్దని ఆమె పట్టు.

అవి అరవైల నడిమి రోజులు. వరుసగా రెండేళ్లు వానలు పడలేదు. చుట్టుపక్కల చెలక భూములన్నీ ఎర్రగా ఎండి, గాలికి దుమ్ము లేచేది. రూపాయికి వచ్చే జొన్నలు వారం వారం అంగడికి తగ్గిపోతుండేవి. కిరసనాయిలు, బట్ట, ఆఖరికి ఉప్పు కూడా నిన్నటి ధరకు ఇవాళ దొరికేది కాదు. ఎక్కడ ఇద్దరు కలిసినా అదే మాట.

హైదరాబాదు నుంచి వచ్చే బస్సులో మధ్యాహ్నానికి పేపరు వచ్చేది. సాయంత్రం బడి వదిలాక పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చుని నేను దాన్ని పైకి చదివేవాణ్ణి. మొదట నలుగురైదుగురు వినేవాళ్లు. ధరలు పెరిగిన కొద్దీ మందీ పెరిగింది. అసెంబ్లీలో ఎవరేమన్నారో చదువుతుంటే అరుగు మీద కూడా అసెంబ్లీ నడిచేది. వ్యాపారులు సరుకు దాచిపెట్టడం వల్లనే ధరలు పెరుగుతున్నాయని సర్కారు పక్షం వాళ్లనేవారు. దాచినవాణ్ణి పట్టుకోవలసింది సర్కారే గదా అని ఎదుటి పక్షం. యుద్ధం వల్ల అని ఒకరు, వానల వల్ల అని ఒకరు. అందరి మాటలోనూ కొంత నిజం ఉండేది. అందుకే ఆ వాదం తెగేది కాదు.

వినేవాళ్లలో తాలూకా కోర్టు వకీలు ఒకాయన ఉండేవాడు. ఎదుటి పక్షానికి ఆ ఊళ్లో ఆయనే పెద్ద. నేను చదివే తీరు ఆయనకు నచ్చింది. నాకు అది గర్వంగా ఉండేది.

ఒకనాడు ఉద్యోగులకు కరువు భత్యం పెంచుతున్నారన్న వార్త వచ్చింది. నా సంతోషం దాచుకోలేక రెండుసార్లు చదివాను. అరుగు కింద ఒక ఆడమనిషి నిలబడి ఉంది. సర్కారు పెట్టిన కరువు పనిలో రోడ్డుకు కంకర కొట్టేది. పని దిగి ఇంటికి పోతూ చంకలో పిల్లతో అక్కడ ఆగేది. ముప్పై ఏళ్లుంటాయేమో. వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకొని ఉండేది.

"సారూ, కరువు భత్యమంటె ఏంది?" అని అడిగింది.

"ధరలు పెరిగినప్పుడు జీతం సరిపోదు గదమ్మా. అందుకని సర్కారు పైన కొంత ఇస్తది."

"మంచిగనే ఉన్నది. మరి మాకెవలిస్తరు?"

ఆమె ఎకసెక్కంగా అడగలేదు. తెలియక అడిగింది. నేను పేపరు తిప్పి మరో వార్త చదవడం మొదలుపెట్టాను. ఆమె పిల్లను ఇంకో చంకకు మార్చుకొని వెళ్లిపోయింది. ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు.

వారం పది రోజుల తర్వాత వకీలు నన్ను పిలిపించాడు. వచ్చే అంగడి రోజున ధరల మీద సభ పెడుతున్నారట.

"అన్ని పార్టీలోల్లు వస్తున్నరు సారూ. నీ నౌకరికి ముప్పేం రాదు. మేము మాట్లాడితె ఓట్ల కోసం అంటరు. పంతులు మాట్లాడితె నమ్ముతరు," అన్నాడు.

ఒప్పుకున్నాను. ఏం మాట్లాడాలో మూడు రోజులు ఆలోచించాను.

ఇప్పుడు చెప్పవలసిన మాట ఒకటుంది. నా గది కిటికీలోంచి సేటు ఇంటి పెరడు కనిపించేది. పెరట్లో ఒక చివర సరుకు పెట్టే రాతిగోడల అర్ర ఒకటి, దానికి ఎప్పుడూ తాళం. పంటకోతలైన రోజుల్లో పల్లెలవాళ్లు అరబస్తా, పావుబస్తా జొన్నలు నెత్తిన పెట్టుకొని రావడం, సేటు తాళం తీసి లోపల పెట్టించడం, వాళ్లు ఒట్టి చేతులతో వెళ్లిపోవడం నేను చూశాను. సంచుల మూతులకు రకరకాల గుడ్డముక్కలు కట్టి ఉండేవి. ధర ఇంకా పెరగాలని పేదవాళ్ల దగ్గర అగ్గువకు కొని దాస్తున్నాడు అనుకున్నాను. నేను ఉండేది ఆయన ఇంట్లోనే. రోజూ ఎదురుపడేవాడు. నేను ఒక్కనాడూ అడగలేదు.

అంగడి రోజు సభకు చానామంది వచ్చారు. సర్కారు పక్షం ఆయన ఓపిక పట్టమన్నాడు, అమెరికా నుంచి గోధుమల ఓడలు వస్తున్నాయన్నాడు. వకీలు ఆ మాటలను తూర్పారబట్టాడు. తర్వాత నా వంతు. కంకర కొట్టే ఆమె అడిగిన మాట చెప్పగానే జనం సద్దు మణిగింది. అంత మంది నా వైపే చూస్తుంటే నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"జొన్నలు లేవా అంటే ఉన్నయి. ఓడల దాకా ఎందుకు? ఈ ఊళ్లోనే, బజారులోనే, తాళం వేసిన అర్రల్లో ఉన్నయి. నా కండ్లతోని చూసిన," అన్నాను.

పేరు చెప్పలేదు. చెప్పే అవసరం లేకపోయింది. నేను ఎవరింట్లో ఉంటున్నానో ఊరందరికీ తెలుసు.

జనం కేకలు వేయలేదు. ముందు కొందరు లేచారు, తర్వాత అందరూ లేచి బజారు వైపు నడిచారు. నేను వాళ్ల వెనక పోయాను. వకీలు తాసిల్దారుకు కబురు పంపాడు. మేము చేరేసరికి సేటు దుకాణం ముందర నిలబడి ఉన్నాడు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు. ఆయనే మొలతాడు నుంచి తాళంచెవి తీసి పెరట్లోకి దారి చూపించాడు. అర్రలో ముప్పై దాకా సంచులున్నాయి.

తాసిల్దారు ఇద్దరు జవాన్లతో వచ్చాడు.

"ఇవన్ని నీవేనా?"

"నావి గావు దొరా. పల్లెలోల్ల ఇత్తనాలు. ఇంట్ల ఉంటె పిల్లల ఏడుపు సూడలేక తింటమని నా కాడ పెట్టిన్రు. మిరుగం వానలు పడితె తీస్కపోతరు."

"కాయితం ఉన్నదా?"

"కాయితమెందుకు దొరా? ఎవల గుడ్డ వాల్లకెరుక."

తాసిల్దారు కాసేపు ఆ సంచుల వైపు, కాసేపు జనం వైపు చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన ముందర ఆకలిగొన్న జనం ఉన్నారు, చేతిలో కాగితం లేదు. సర్కారు ధరకు అక్కడికక్కడే అమ్మి, వచ్చిన పైకం సేటుకే ఇవ్వమని హుకుం ఇచ్చాడు.

విత్తనాలన్న మాట నాకు వినపడింది. అప్పుడైనా ముందుకు పోయి, ఆగండి, పల్లెలకు మనిషిని పంపి కనుక్కోండి అని చెప్పవలసింది. జనం వెనకనే నిలబడ్డాను. అబద్ధమాడుతున్నాడేమో అని మనసుకు నచ్చజెప్పుకున్నాను. అబద్ధం కాదని కూడా అప్పుడే నాకు తెలుసు.

కొలత మొదలైంది. పెద్దమ్మ వచ్చి, సంచి విప్పే ముందు దానికి కట్టిన గుడ్డముక్క తాను విప్పి కొంగులో వేసుకునేది. వరుసలో కంకర కొట్టే ఆమె ఉంది. ఆమెకు నాలుగు సేర్లు దొరికాయి. పోతూ పోతూ నా దగ్గర ఆగింది.

"నీ నోట్ల చక్కెర పొయ్య సారూ. పిల్లలు కడుపునిండ తిని శాన దినాలాయె," అన్నది.

అదీ నిజమే. ఆ ఒక్క పూట ఆ ఊళ్లో వంద పొయ్యిలైనా మండి ఉంటాయి. ఈ వయసులో కూడా ఆ నిజాన్ని పక్కకు తోసి మిగతా కథ చెప్పడం నాకు చేతకాదు.

మర్నాడు పొద్దున నా గడప దగ్గర ఎప్పటిలాగే రొట్టెలున్నాయి. తినలేకపోయాను. పళ్లెం పట్టుకొని ముందరికి పోతే సేటు దుకాణంలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. గది ఖాళీ చేస్తానన్నాను.

"ఎందుకు సారూ? కిరాయి కట్టినవు గద," అన్నాడు. తక్కెడ పళ్లెం తుడుస్తూ, "అడిగితె చెప్పకపోదునా," అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది.

కబురు తెలిసి పల్లెలవాళ్లు ఒక్కరొక్కరే వచ్చారు. వాళ్లలో మొదట వచ్చిన ముసలాయన నాకు బాగా గుర్తు. నాలుగెకరాల చెలక, పదిహేను గొర్లు ఉన్న మనిషి. భుజాన గొంగడి. పెద్దమ్మ ఆయన గుడ్డముక్క తీసి చేతిలో పెట్టింది. సేటు ఆయన భాగం పైకం ఇచ్చాడు. సర్కారు ధరకు వచ్చిన ఆ పైకంతో బజారులో సగం విత్తనం కూడా రాదు. ముసలాయన గుడ్డముక్కను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"పోయిన్నెల పిల్లలు గంజినీల్లు తాగి పండుకున్నరు. ఈ ఇత్తనం ముట్టలే," అన్నాడు. ఎవరిని ఉద్దేశించి అన్నాడో తెలియదు. నేను తలుపు పక్కన నిలబడి విన్నాను. ఆ సభలో మాట్లాడింది నేనేనని ఆయనకు చెప్పాను. ఆయన నన్ను తేరిపార చూసి, "నువ్వేనా," అని గొంగడి సర్దుకొని వెళ్లిపోయాడు.

వేసవి సెలవులిచ్చిన రోజే మక్తల్ బస్సెక్కాను. ఇంట్లో బాపుకు జరిగిందంతా చెప్పాను. ఆయన చుట్ట ఆరిపోయేదాకా విన్నాడు.

"మనూరి కరువు మనకున్నది. అయినా జొన్నల పాతర తీద్దాం," అన్నాడు. తర్వాత, "గని బిడ్డా, మనది నల్లరేగడి జొన్న, చలికాలం పంట. ఆ ఎర్రచెలకల, వానకాలం, అది పడుతదో పడదో," అన్నాడు.

వేరే దారి లేదు. బాపు మూడు బస్తాలు ఇచ్చాడు. మేనమామ ఒకటి, ఇద్దరు దాయాదులు చెరొకటి. నా జీతంలో మిగిలినదీ, చేతి గడియారం అమ్మగా వచ్చినదీ పెట్టి లారీలో దేవరకొండకు చేర్చాను. సేటు చూసి సంచిలో చెయ్యి పెట్టి గింజలు అరచేతిలో పోసుకున్నాడు. ఆయనకూ బాపుకు వచ్చిన అనుమానమే వచ్చిందని ఆయన ముఖం చూస్తే తెలిసింది. అయినా పల్లెలకు కబురు పంపాడు. ఆయన సొంత డబ్బుతో చెలకల్లో వానకాలం వేసే పచ్చజొన్న కొంత ఎక్కడెక్కడో తిరిగి తెచ్చాడు. అందరికీ తలా కొంచెం పంచారు.

మిరుగం ఆ ఏడు బాగానే కురిసింది. నేను తెచ్చిన జొన్న మనిషెత్తు దాటి పెరిగింది, ఆకులు వెడల్పుగా, నల్లగా నిగనిగలాడుతూ. దసరా సెలవుల్లో ముసలాయన చేను చూడడానికి నడిచి పోయాను. చేను నిండుగా ఉంది. కంకులు మాత్రం సన్నగా, చాలా వాటిలో గింజే లేదు.

"గొర్లకు మేపయితది తియ్యి," అన్నాడాయన. నాకు ధైర్యం చెప్పడానికే అన్నాడు.

తర్వాతి ఎన్నికల్లో వకీలు నిలబడి గెలిచాడు. ధరల మీదనే గెలిచాడు. ఊరేగింపులో నన్ను జీపు ఎక్కమన్నాడు. ఒంట్లో బాగాలేదని చెప్పాను. ఆయన హైదరాబాదు పోయాక అసెంబ్లీలో ధరల గురించి గట్టిగానే మాట్లాడాడు, పేపర్లో చదివాను. పైకి చదవడం మాత్రం అప్పటికే మానేశాను. వేరే పంతులు చదివేవాడు.

సేటు మళ్లీ ఎవరి విత్తనాలూ పెట్టుకోలేదు. అడిగితే, "నా కాడ పైలంగ ఉండవు," అని చేతులు జోడించేవాడు. మరుసటి ఎండాకాలం కొన్ని పల్లెల్లో ఇంట్లో ఉన్న విత్తనాన్ని తినేశారని విన్నాను.

మరో ఏడాదికి నన్ను అచ్చంపేటకు బదిలీ చేశారు. పోయే ముందు ముసలాయనను చూద్దామని వాళ్ల ఊరికి పోతే ఇంటికి తడిక పెట్టి ఉంది. గొర్లు అమ్మేసి, ఆలూ పిల్లలతో సాగర్ డ్యాం పనికి పోయాడని పక్కింటివాళ్లు చెప్పారు. అప్పుడు ఆ డ్యాం దగ్గర వేలమంది రాళ్లు మోసేవాళ్లు. ఎక్కడని వెతకను? అయినా ఒక ఆదివారం పోయాను. పొద్దంతా తిరిగాను. గొంగడి భుజాన వేసుకున్న ముసలివాళ్లు చాలామంది కనిపించారు. ఆయన కనిపించలేదు. సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చాను.