ఎర్ర గొడుగు కింద భోజనం

లాగోసులో యాబా పేటలోని ఎర్ర గొడుగు హోటల్లో ఒక ఆదివారం ఒబియాగెలి పెట్టుకున్న పేచీ నేను దగ్గరుండి చూశాను. చర్చి నుంచి నేరుగా వచ్చిన జనం తలుపు దాకా వరుస కట్టి ఉన్నారు. వడ్డించే పిల్ల తొందరలో ముందే నింపి ఉంచిన పళ్ళెం ఒకటి లోపలి నుంచి తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"ఇది నాకొద్దు. ఆ ట్రేలోంచి తీసి, నా కళ్ళ ముందు వడ్డించు," అంది ఒబియాగెలి.

"అదీ ఇదీ ఒకటే జొల్లోఫ్ టమాటా అన్నం మమ్మీ. ఒకే గుండిగలో వండింది."

"ఒకటే అయితే ఇది నువ్వు తిను. నాకు అది పెట్టు."

వెనకాల నిలబడ్డ కొత్త టోపీ బొజ్జాయనకి ఒళ్ళు మండింది. "ఏవమ్మా, ఇది నీ పెళ్ళి విందా? ఆకలికి చస్తున్నాం ఇక్కడ!"

"చచ్చేవాడివి అంత బొజ్జ ఎందుకు మోసుకొచ్చావు నాయనా? రా, నా ముందుకొచ్చి నువ్వే పెట్టించుకో. నీ తర్వాతే నేను."

వరుసంతా ఘొల్లుమంది. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. ముందు బొజ్జాయనకి, ఆ వెంటనే ఒబియాగెలికి అదే ట్రేలోంచి తన చేత్తో వడ్డించాడు. గెలిచి వచ్చి కూర్చుంది కానీ చెంచా ఎత్తలేదు. బొజ్జాయన నాలుగు ముద్దలు మింగేదాకా ఆయన గొంతు వైపే చూస్తూ ఉంది. ఆ తర్వాతే తిన్నది. నేను అది చూశాను, ఏమిటో అనుకుని ఊరుకున్నాను.

తెజువోషో బజారులో నా బట్టల కొట్టూ, ఆమె గుండీలు, జిప్పుల కొట్టూ పక్కపక్కనే. నేను బడికి వెళ్ళింది ఒక వానాకాలమే అయినా నా లెక్క ఎవడూ తప్పించలేడు, ఆ సంగతి బజారులో అందరికీ తెలుసు. ఒబియాగెలి నోరు నా నోటికి సమానం. అందుకే మాకు కుదిరింది. ఆమెకు మొగుడు లేడు, పిల్లలు లేరు. వారమంతా తొక్క ఉన్నవే తినేది: అరటిపళ్ళు, ఉడికించిన గుడ్లు, వేరుశెనక్కాయలు. ఆదివారం మాత్రం ఎర్ర గొడుగు. ఆ హోటలుకు లాగోసులో పేటకొకటి ఉంది. అన్నిచోట్లా అవే ఎర్ర కుర్చీలు, అదే మాడు వాసన తగిలే అన్నం, అవే వేయించిన అరటిపండు ముక్కలు. ఒక వారం సురులేరే, ఒక వారం ఇకేజా, ఇంకోవారం ఫెస్టాక్. ఎక్కడా వరసగా రెండుసార్లు తినదు. కిక్కిరిసిన వ్యానుల్లో నా మోకాళ్ళు నలిగిపోయేవి. కానీ ఆమె తినడం చూడాలి! మేకమాంసం ఎముక చీకుతూ కళ్ళు మూసుకునేది. బజారులో ఎప్పుడూ బిగిసి ఉండే ఆ భుజాలు అక్కడ దిగేవి.

మా ఇంట్లో మాత్రం మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. చేదు ఆకులతో నేను కాచే చేదాకు పులుసు కోసం బంధువులు తగువులాడుకుంటారు. నాకు కోపం రాదా మరి?

"నా చేతిలో ఏం కుష్ఠు ఉందే?" అని ఒక ఆదివారం సురులేరే హోటల్లోనే నిలదీశాను. బయట కుండపోత వాన. ఒబియాగెలి చెంచా కింద పెట్టింది.

"మా ఆయన రాత్రి అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ కూలిపోయాడు. వండింది ఎవరు అన్నారు మా మరుదులు. వండింది నేనే కదా. శవాన్ని కడిగిన నీళ్ళు గిన్నెలో పట్టుకొచ్చి తాగమన్నారు. తప్పు చెయ్యకపోతే బతుకుతావు అన్నారు."

"తాగావా?"

"తాగకపోతే ఒప్పుకున్నట్టేగా. తాగి, చస్తానో బతుకుతానో చూస్తూ చాప మీద పడుకున్నా. బతికాను. అప్పుడు మా తోడికోడలు నవ్వుతూ పులుసు తెచ్చింది. నీకోసమే వండానక్కా అంది. ఆ మాటకే లేచి పారిపోయొచ్చాను."

"ఇక్కడెలా తింటున్నావే మరి?"

"ఇక్కడ వండేవాడికి ఎవరికి వండుతున్నాడో తెలీదు ఉగొయే. నాకు అదే కావాలి."

నా పళ్ళెంలో అన్నం చల్లారిపోయింది. ఆ రోజు నేనూ సరిగ్గా తినలేదు.

పోయిన నెల ఫెస్టాక్ వెళ్ళాం. లోపల అడుగు పెట్టామో లేదో, యాబాలో పళ్ళెం తెచ్చిన పిల్లే ముఖమంతా నవ్వుతో ఎదురొచ్చింది.

"మమ్మీ! నన్ను ఇక్కడికి మార్చారు. ఆ రోజు నిన్ను విసిగించాను కదా, ఎప్పుడొస్తావా అని చూస్తున్నా. ఇదిగో, అడుగంటిన అన్నం, మంచి ఎముక, నీకోసమే పక్కన తీసి పెట్టా." మూత పెట్టిన పళ్ళెం చేతికి అందించబోయింది. "నీ యాసని బట్టి నీదీ మా ఊరే అనుకున్నా. మా అమ్మకి ఫోన్ చేసి నీ పోలికలు చెప్తే, మొగుడు పోయాక ఊరు విడిచిపోయిన ఆ కోడలే అంది!"

ఒబియాగెలి వేళ్ళు నా మణికట్టులోకి దిగాయి. ఐసుగడ్డల్లా ఉన్నాయి. ఆ పిల్ల ముఖంలో చెడ్డతనం ఏదీ నాకు కనబడలేదు. అయినా ఆ పళ్ళెం నేనూ అందుకోలేదు. ఇద్దరం వెనక్కి తిరిగి వచ్చేశాం. రోడ్డు మీదికొచ్చాక ఆమె గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. కడుపులో ఏమీ లేదు, ఉత్త నీళ్ళు.

ఆ తర్వాత హోటలు మాటే లేదు. గుడ్డు పెంకు మీద చిన్న పగులున్నా పారేసేది. అరటిపండు తొడిమ ఎండ వైపు పెట్టి చూసేది. నడుముకు చుట్టుకున్న గుడ్డ జారిపోతుంటే పిన్నీసు పెట్టుకుంది. ఆస్పత్రికి పోదాం రమ్మంటే, అక్కడి మందు మాత్రం ఎవరి చేతిదో నీకు తెలుసా అంది. ఆమె కొట్టు తెరవడం కాస్త ఆలస్యమైతే వీధి చివరి దాకా పోయి చూసొచ్చేదాన్ని.

నిన్న మధ్యాహ్నం మా వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పొయ్యి మీద చేదాకు పులుసు ఉడుకుతోంది. చాలాసేపు దాన్నే చూసింది.

"ఆ పిల్ల తల్లి మా మరిదికి చెప్పే ఉంటుంది. నేను చస్తే శవాన్ని తీసుకుపోయేది వాళ్ళే," అంది.

"నోర్ముయ్. చావెందుకు?"

"విను. వాళ్ళు అడుగుతారు, చివరిసారి ఎవరి చేతి కూడు తిన్నదీ అని. అందుకే నీ ఇంట్లో తినలేదు. నిన్ను అనుమానించలేదని అబద్ధం చెప్పను, అదీ ఉంది."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆమె గడప దాటి వచ్చి పీట లాక్కుని కూర్చుంది.

"ఒకే గిన్నెలో వడ్డించు. ముందు నువ్వు తిను, నేను చూస్తా. తర్వాత నేను తింటా. ఒంట్లో ఏమీ మిగల్లేదు ఉగొయే, తిన్నా రేపు లేస్తానో లేదో. లేవకపోతే నన్ను కడిగిన నీళ్ళ గిన్నె నీ దగ్గరికి తెస్తారు. అది తెలిసి కూడా నాకు వండి పెడతావా?"